కొరాపుట్ కాఫీ తోటలో స్నేహితులతో ఒక పూర్తి రోజు: ఎలా వెళ్ళాలి, ఏం చూడాలి

మొదటిసారి మేం నలుగురం ఒడిశాలోని జయపురం నుంచి వెళ్ళినప్పుడు ఒక్కరోజులో నాలుగు చోట్లు పెట్టుకున్నాం. శబర శ్రీక్షేత్రం, కొలాబ్ డ్యామ్, కాఫీ తోట, దేవమాలి కొండ. తోట దగ్గర కారు ఆగేసరికి పన్నెండున్నర. కోత వాళ్ళు కొండ లోపలికి వెళ్ళిపోయారు, కళ్ళం దగ్గర ఎవరూ లేరు. తోట మేస్త్రీ మమ్మల్ని చూసి, "ఇప్పుడేటి బాబూ చూడ్డానికి? నాలుగింటికి పండొస్తాది. అప్పుడుండాల" అన్నాడు. మేం ఆగలేదు. చెట్ల మధ్య ఫొటోలు దిగి దేవమాలికి పోయాం. అక్కడ మంచు తప్ప ఏమీ కనపడలేదు. మాలో ఒకడు నలభై ఏళ్ళుగా పొద్దున లేవగానే కాఫీ తాగుతాడు. కాఫీ పండు ఎలా ఉంటుందో చూడకుండానే ఆ రోజు ఇల్లు చేరాడు.

నెల తిరక్కుండా అదే తోటకు మళ్ళీ వెళ్ళి, పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఐదు దాకా అక్కడే ఉన్నాం. ఇక్కడ రాస్తున్నదంతా ఆ రెండో రోజు నేర్చుకున్నదే. మీరు వెళ్తే ఒకే ఒక తోట పెట్టుకోండి, రోజంతా అక్కడే ఉండండి. మిగతావి ఇంకోసారి చూడొచ్చు.

ముందు నెల, తర్వాత వారం

ఈ కొండల మీద కాఫీ పండు నవంబరులో ఎర్రబడటం మొదలవుతుంది. కోత జనవరి, ఒక్కో ఏడు ఫిబ్రవరి దాకా సాగుతుంది. ఒక మొక్క మీద పండ్లన్నీ ఒకేసారి పండవు. అందుకే కోత వాళ్ళు ఒకే మొక్క దగ్గరికి మూడు నాలుగు విడతలు వస్తారు. డిసెంబరు రెండో వారం నుంచి జనవరి రెండో వారం మధ్య వెళ్తే చెట్టు మీద పండు, కళ్ళంలో గింజ రెండూ కనిపిస్తాయి.

వానాకాలంలో తోట పచ్చగా, చూడ్డానికి బాగుంటుంది. కానీ జలగలుంటాయి, బాటలు జారతాయి, పండు పచ్చిగా ఉంటుంది. స్నేహితులు ఆగస్టులో వెళ్దామంటే జలపాతాలకు తీసుకెళ్ళండి.

వారం కూడా చూసుకోండి. చుట్టుపక్కల సంత ఉన్న రోజున కోత పలచబడుతుంది. సెమిలిగుడ దగ్గర కుందులి సంత శుక్రవారం. జనవరిలో పుష్ పరబ్ వచ్చినప్పుడు ఊళ్ళకు ఊళ్ళు పండగలో ఉంటాయి, తోటలో ఎవరూ దొరకరు. పండగ చూడాలంటే మంచి రోజులే, కోత చూడాలంటే మాత్రం కాదు.

అడిగి వెళ్ళండి

కొరాపుట్ జిల్లాలో కాఫీ పొట్టంగి, నందపురం, సెమిలిగుడ, లమతాపుట్, దశమంతపురం వైపు ఎక్కువ. తోటలు మూడు రకాలు: ప్రభుత్వం వేసినవి, ప్రైవేటు ఎస్టేట్లు, గిరిజన కుటుంబాలు సొంతంగా ఎకరం రెండెకరాల్లో సాగు చేసుకునేవి. మూడింట్లో దేనికైనా చెప్పకుండా వెళ్ళి గేటు ముందు నిలబడితే ఇద్దరికీ ఇబ్బంది. కనీసం వారం ముందు మాట్లాడండి. తెలిసినవాళ్ళు లేకపోతే కొరాపుట్, సెమిలిగుడ బజార్లలో తెలుగువాళ్ళ కొట్లు, హోటళ్ళు చాలానే ఉన్నాయి. ఎక్కడ కోత నడుస్తోందో, ఎవరిని అడగాలో వాళ్ళకు తెలుస్తుంది.

ఫోన్లో నాలుగు విషయాలు అడగండి. ఆ రోజు కోత ఉందా? సాయంత్రం పల్పర్, అంటే పండు తొక్క తీసే యంత్రం, ఆడుతుందా? బండి ఎంతవరకు వస్తుంది? ఆడవాళ్ళకు టాయిలెట్ ఉందా? చివరి ప్రశ్న అడగడానికి మొహమాట పడకండి. మా బృందంలో ఇద్దరు అక్కలు పొద్దున నుంచి నీళ్ళు తాగడం మానేశారని మాకు మధ్యాహ్నానికి గానీ తెలియలేదు. అప్పటి నుంచి నేను మొదట అదే అడుగుతున్నాను.

ఆరుగురికి మించి వెళ్ళొద్దు. మొక్కల వరసల మధ్య బాట ఒక మనిషికే సరిపోతుంది. పదిమంది దిగితే కోత ఆగిపోతుంది. కూలి దొరికేది కోసిన పండు బరువును బట్టి అయితే, మన సరదాకు వాళ్ళ బుట్ట తేలికవుతుంది. తోటవాళ్ళు రుసుము అడిగితే ఇచ్చేయండి. అడక్కపోతే పనివాళ్ళ చేతుల్లో నోట్లు పెట్టొద్దు. మేస్త్రీతో ముందే చెప్పి, పని ఆగే వేళకు అందరికీ టీ, బిస్కెట్లు పెట్టండి. అందరూ కలిసి తాగుతారు, ఎవరూ చిన్నబోరు.

ప్రయాణం

జయపురం నుంచి కొరాపుట్ సుమారు 22 కిలోమీటర్లు, అందులో చాలాభాగం ఘాటీ. ఐదున్నరకు బయలుదేరితే టీకి ఆగినా ఎనిమిదికల్లా సెమిలిగుడ దాటొచ్చు. రాయగడ నుంచైతే లక్ష్మీపురం మీదుగా రోడ్డుంది, ఇంకా చీకటితోనే లేవాలి. బరంపురం వాళ్ళు రాత్రి హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఉదయం కొరాపుట్‌లో దిగుతారు. విజయనగరం, సాలూరు వైపు నుంచి వచ్చేవాళ్ళకు పొట్టంగి తోటలే దగ్గర, ఘాటీ ఎక్కగానే మొదలవుతాయి. విశాఖ నుంచి పగటిపూట నడిచే కిరండూల్ ప్యాసింజర్‌లో దారి బాగుంటుంది గానీ, అది కొరాపుట్ చేరేసరికి మధ్యాహ్నం దాటుతుంది. ఒక్కరోజు ప్రయాణానికి అది కుదరదు.

జయపురంలో కోట ముందు నుంచి వెళ్ళేటప్పుడు కార్లో ఉన్న పిల్లలకు ఒక మాట చెప్పండి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా ఈ ప్రాంతమంతా మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లా. ఇక్కడి రాజు విక్రమదేవ వర్మ తెలుగులోనూ ఒడియాలోనూ రచనలు చేశారు, ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చారు. విశాఖలో సైన్సు కాలేజీకి ఆయన పేరే ఉంది. మన తెలుగువాళ్ళం ఇక్కడికి ఎప్పుడు వచ్చామని ఎవరైనా అడిగినప్పుడల్లా నాకు ఈ సంగతే గుర్తొస్తుంది.

సంచిలో ఏముండాలి

చలి బట్టలు తప్పనిసరి. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున ఇక్కడ చేతులు కొంకర్లు పోతాయి, పదింటికల్లా ఎండ చురుక్కుమంటుంది. మంకీ క్యాప్, స్వెట్టరు తీసి పెట్టుకోవడానికి విడిగా సంచి ఉండాలి. కాలికి పట్టు ఉన్న బూట్లు, పొడుగు చేతుల చొక్కా, దోమల మందు. కొరాపుట్ మలేరియాకు పేరుపడ్డ జిల్లా. చలికాలం కదా అని ఈ ఒక్కటి మరిచిపోవద్దు. చిల్లర నోట్లు ఉంచుకోండి, కొండ మాటున సిగ్నల్ లేకపోతే ఫోన్లో డబ్బు కట్టలేరు. తాగే నీళ్ళు మనిషికి రెండు లీటర్లు.

తోటలోకి వెళ్ళగానే నేల చూడండి

అందరూ తల పైకెత్తుతారు. మీరు ముందు కిందికి వంగండి.

మా మేస్త్రీ మాతో చేయించిన మొదటి పని ఇదే. మొక్క మొదట్లో చెయ్యి పెట్టి ఆకులు పక్కకు తియ్యమన్నాడు. పైన ఎండిన సిల్వర్ ఓక్ ఆకులు, చేత్తో నలిపితే పొడవుతాయి. వాటి కింద సగం కుళ్ళిన నల్లటి ఆకులు, ముట్టుకుంటే చల్లగా, తడిగా. ఇంకా కింద మట్టి. వేళ్ళు సులువుగా దిగిపోతాయి, ఒక వానపాము కదులుతుంది. ఆ తర్వాత గెడ్డకు అవతల చెట్లు లేని కొండవాలు మీదికి తీసుకెళ్ళి అక్కడా చెయ్యి పెట్టమన్నాడు. గోరు కూడా దిగలేదు. ఎర్రమట్టి, గులకరాళ్ళు, వాన కోసిన చారలు.

కొరాపుట్ కాఫీ కథ ఆ రెండు నేలల మధ్యే ఉంది. 1930లో జయపురం రాజు రామచంద్రదేవ్ ఇక్కడ కాఫీ వేయించారు. అది రాజుగారి తోటగానే మిగిలిపోయేదేమో. తర్వాత మాచ్‌ఖండ్ నది మీద ఆంధ్ర, ఒడిశా కలిసి జలవిద్యుత్ కేంద్రం కట్టాయి, 1955లో కరెంటు మొదలైంది. అడవి నరికిన కొండల నుంచి, పోడు కొట్టిన వాలుల నుంచి మట్టి కొట్టుకొచ్చి రిజర్వాయరు పూడిపోతుందన్న భయం పట్టుకుంది. మట్టిని ఆపడానికి 1958 నుంచి ప్రభుత్వ భూసంరక్షణ శాఖ ఈ పరీవాహకంలో కాఫీ పెట్టించింది. కాఫీకి నీడ కావాలి కాబట్టి పెద్ద చెట్లు ఉంటాయి. చెట్లుంటే ఆకు రాలుతుంది, ఆకు కింద మట్టి నిలుస్తుంది. ఆ లెక్కతో వేసిన మొక్క ఇది. మనం తాగే కాఫీ తర్వాత వచ్చిన లాభం.

ఇది తెలిశాక తల పైకెత్తండి. సిల్వర్ ఓక్, పనస, మామిడి. ఓక్ మానులకు మిరియాల తీగలు అల్లుకుని ఉంటాయి. కాఫీ మొక్కల్ని చేతికందే ఎత్తులో తల తుంచి ఉంచుతారు. లేకపోతే పైకి పెరిగిపోతాయి, కోతకు నిచ్చెన కావాల్సి వస్తుంది. ఇక్కడ పండించేది ఎక్కువగా అరబికా. దానికి ఎత్తు, చలి, నీడ మూడూ కావాలి.

కోత: నలభై పండ్లు మీ చేత్తో కోయండి

మేస్త్రీ ఒప్పుకుంటే ఒక అరగంట కోతలో కలవండి. ముందు కోసే అక్కకో అమ్మకో "జుహార్" అని నమస్కారం పెట్టండి. ఇక్కడ దేశియా మాట్లాడతారు, పొట్టంగి వైపు తెలుగు అర్థమయ్యేవాళ్ళు చాలామందే ఉంటారు. ఫొటో తీసేముందు అడగండి. వద్దంటే ఫోన్ జేబులో పెట్టేయండి, రెండోసారి అడగొద్దు.

పండు కోయడం తేలికలా కనిపిస్తుంది. కొమ్మ పట్టుకుని దూసేస్తే సరిపోదు. బొటనవేలు, చూపుడువేలు మధ్య పండును పట్టుకుని కొంచెం తిప్పి లాగాలి, తొడిమ కొమ్మకే ఉండిపోవాలి. కణుపు దెబ్బతింటే వచ్చే ఏడాది పూతకు నష్టం. పూర్తిగా ఎర్రబడిందే కోయాలి. సగం పసుపున్నది కలిస్తే కాఫీ వగరు వస్తుంది. మా పక్కన కోస్తున్న ఆమె చేతులు చూస్తే రెండు చేతులూ వేరువేరు కొమ్మల మీద ఆడుతున్నాయి, కళ్ళు మూడో కొమ్మ మీద ఉన్నాయి. నేను గుప్పెడు కోసేలోపు ఆమె బుట్ట అడుగు నిండింది. నా గుప్పెట్లోంచి రెండు పచ్చికాయలు ఏరి పారేసి, ఏమీ అనకుండా మళ్ళీ పనిలో పడింది.

ఒక పండు నొక్కి చూడండి. తొక్క చిట్లి రెండు గింజలు జారుకుంటూ బయటికొస్తాయి, జిగురుగా, మూసి ఉన్న ఆల్చిప్ప రెండు సగాల్లా ఒకదానికొకటి ఆనుకుని. నోట్లో వేసుకుంటే తియ్యగా ఉంటుంది, కాఫీ రుచి కాస్త కూడా ఉండదు. కొన్ని పండ్లలో గుండ్రంగా ఒకటే గింజ ఉంటుంది, దాన్ని పీబెర్రీ అంటారు, విడిగా ఏరి అమ్ముతారు.

మీరు నలభై పండ్లు కోసి లెక్కపెట్టండి. పది గ్రాముల పొడి వేసి కలిపే ఒక కాఫీకి దాదాపు అన్ని పండ్లు కావాలి. మా నలభై ఏళ్ళ కాఫీ స్నేహితుడు ఆ పండ్లు దోసిట్లో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు.

కోసినవి మేస్త్రీ బుట్టలోనే వేసేయండి. జేబులో వేసుకుని ఇంటికో, ఇంకో తోటకో తీసుకెళ్ళొద్దు. కాయ తొలిచే పురుగు పండులో కూర్చుని అలాగే ఒక కొండ నుంచి ఇంకో కొండకు పోతుంది. పిల్లలకు ఈ సంగతి ముందే చెప్పాలి.

భోజనం

ఇంటి నుంచి పులిహోర, దద్దోజనం తెచ్చుకోవడం మంచిది. తోట దగ్గర హోటళ్ళు ఉండవు. కోత వాళ్ళు సొరకాయ బుర్రల్లోనో, సీసాల్లోనో చోడి (రాగి) అంబలి తెచ్చుకుంటారు, ఇక్కడ మాండియా పేజ్ అంటారు. ఎవరైనా పోస్తే కాదనకండి. ఎండలో దానికి మించింది లేదు. మీరు తెచ్చినదీ వాళ్ళకు పెట్టండి. విస్తరాకుల్లో తినండి, ప్లాస్టిక్ ఒక్క ముక్క కూడా అక్కడ వదలొద్దు.

తిన్నాక గంటసేపు ఖాళీ. ఇక్కడే స్నేహితులు "దేవమాలి దగ్గరే కదా, 1672 మీటర్లు, ఒడిశాలో ఎత్తైన శిఖరం, చూసొచ్చేద్దాం" అంటారు. ఒప్పుకోవద్దు. వెళ్తే నాలుగింటికి తిరిగి రాలేరు. చాప వేసుకుని చెట్టు కింద పడుకోండి.

నాలుగింటికి పండొస్తుంది

మూడు దాటాక కొండ మీద నుంచి వరసగా దిగుతారు, తలల మీద గోతాలు. కళ్ళం దగ్గర తూకం మొదలవుతుంది. పక్కకు నిలబడి చూడండి, తూకం దగ్గర మధ్యలో మాట్లాడొద్దు. అది వాళ్ళ రోజు కూలి.

తర్వాత పండ్లను నీళ్ళ తొట్టిలో పోస్తారు. మంచివి మునుగుతాయి, పురుగు పట్టినవి, తాలువి తేలతాయి. తేలినవాటిని జల్లెడతో తీసేస్తారు. మునిగినవి పల్పర్‌లోకి. ఒక పక్క నుంచి ఎర్ర తొక్క, ఇంకో పక్క నుంచి జిగురు గింజ. తోట వాసనంతా మారిపోతుంది, పండిన పనస, తడిమట్టి, కొంచెం పులుపు కలిసిన వాసన. కోసిన రోజే ఈ పని అయిపోవాలి. రాత్రంతా గోతంలో ఉంచితే పండు కాగి గింజ చెడిపోతుంది. అందుకే ఎంత చీకటి పడినా పల్పర్ ఆపరు.

జిగురు గింజ తొట్టిలో ఒక రోజు, రోజున్నర నానుతుంది, చలి ఎక్కువైతే ఇంకాస్త. ముందు రోజు తొట్టి ఉంటే చూపించమనండి. మేస్త్రీ గుప్పెడు గింజలు తీసి నా చేతిలో పోసి గట్టిగా రుద్దమన్నాడు. జారలేదు. ఏటి ఒడ్డున గులకరాళ్ళు రాపాడినట్టు గరగర శబ్దం వచ్చింది. "అయిపోనాది, కడిగేయొచ్చు" అన్నాడు. యంత్రం లేదు, గడియారం చూడలేదు. ఆ శబ్దమే గుర్తు.

కడిగిన గింజను పలచగా కళ్ళంలో ఆరబోస్తారు. దాని మీద ఇంకా గట్టి పొర ఉంటుంది, పార్చ్‌మెంట్ అంటారు. వారం పది రోజులు, గంటగంటకీ తిరగేస్తూ, రాత్రి మంచు పడకుండా కప్పుతూ. కళ్ళంలో చెప్పులతో నడవొద్దు, గింజల మీద కాలు పెట్టొద్దు. సుమారు ఆరు కిలోల పండుకు ఒక కిలో పచ్చి గింజ వస్తుంది, వేయిస్తే అదీ ఇంకొంచెం తగ్గుతుంది. ధర ఎక్కువని బేరమాడబోయేముందు ఈ లెక్క గుర్తుంచుకోండి.

ఏం కొనాలి

తోటలో అమ్మితే అక్కడే కొనండి. లేదంటే ఒడిశా గిరిజనాభివృద్ధి సహకార సంస్థ 'కొరాపుట్ కాఫీ' పేరుతో అమ్ముతుంది, 2019 నుంచి ఈ పేరుతో వస్తోంది, పండు గిరిజన రైతుల దగ్గర కొంటారు. వేయించిన తేదీ చూడండి. వీలైతే గింజ కొని ఇంట్లో కొద్దికొద్దిగా పొడి చేసుకోండి. చికోరీ లేని అరబికా కాబట్టి మన ఫిల్టర్‌లో డికాక్షన్ మామూలుగా తాగేదానికంటే పలచగా కనిపిస్తుంది. ఇంకో చెంచా వేయండి, నీళ్ళు మరిగాక అర నిమిషం ఆగి పోయండి. మొదటి గ్లాసు పాలు లేకుండా తాగండి. మిరియాలు కూడా దొరికితే పావుకిలో తీసుకోండి.

తిరుగు దారి

డిసెంబరులో ఐదున్నరకే చీకటి పడిపోతుంది. పల్పర్ మొదలయ్యాక అరగంట చూసి ఐదుకల్లా బయలుదేరండి. జయపురం ఘాటీలో మంచు దిగుతుంది, లారీలు ఎదురొస్తాయి. బండి నడిపేవాళ్ళు మధ్యాహ్నం తప్పకుండా పడుకుని ఉండాలి, ఈ దారి తెలిసినవాళ్ళై ఉండాలి. ఆ రోజు మందు ఎవరికీ వద్దు.

బయలుదేరేముందు మేస్త్రీ నంబరు రాసుకోండి. వేసవి మొదట్లో, మార్చిలోనో ఏప్రిల్‌లోనో ఒక మంచి వాన పడితే, తొమ్మిది పది రోజులకు కాఫీ మొత్తం ఒకేసారి పూస్తుంది. కొమ్మ పొడుగునా తెల్లటి పూలు, మల్లె లాంటి వాసన, రెండు మూడు రోజుల్లో రాలిపోతాయి. ముందుగా తేదీ చెప్పడం ఎవరి వల్లా కాదు. వాన పడగానే ఒక్క ఫోన్ చెయ్యమని అడగండి. మాకు మూడేళ్ళలో ఒక్కసారే ఆ ఫోన్ వచ్చింది, ఆ రోజు నలుగురమూ సెలవు పెట్టి వెళ్ళాం.